బస్సు ఫ్రీయే గదా, రోజూ పోయి వస్తే ఏమైతది?

ములుగు దాటినంక గోవిందరావుపేట దిక్కు ఊరి నుంచి ఒక అమ్మాయి రాసింది. గవర్నమెంట్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ, తెలుగు మీడియం. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌లో హన్మకొండ సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీల బీఎస్సీ మ్యాథ్స్ గ్రూపు వచ్చిందట. ఇగ ఆమె అడిగింది ఇది: "మేడం, ఆడపిల్లలకు బస్సు ఫ్రీయే గదా, హాస్టల్ ఎందుకు, రోజూ పోయి రా అంటుండు మా నాన్న. నాకేమో అక్కడనే ఉండాలని ఉంది గానీ భయం కూడా అయితుంది. క్లాసులు మొత్తం ఇంగ్లీషులో చెప్తరట, ర్యాగింగ్ ఉంటదట, అసలు డిగ్రీల ఎవ్వరూ క్లాసులకే పోరట. ఏం చెయ్యమంటరు?"

బిడ్డా, ముందు బస్సు ముచ్చట తేలుద్దాం, మిగతా సగం భయాలు దాని ఎనకనే ఉన్నయి.

2023 డిసెంబర్ 9 నుంచి సర్కారు మహాలక్ష్మి పథకం కింద ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల జీరో టికెట్ ఇస్తున్నరు, అది మస్తు మంచి పని, ఆ ఒక్క టికెట్ వల్లనే డిగ్రీకి వచ్చిన ఆడపిల్లలను నేను చూస్తున్న. కానీ ఫ్రీ అయింది టికెట్, టైం కాదు. మీ దగ్గరి నుంచి హన్మకొండ అరవై ఐదు, డెబ్బై కిలోమీటర్లు. బస్సు కోసం ఆగుడు, మధ్యలో ఎక్కుడు దిగుడు, బస్టాండ్ల దిగి మళ్ళా సుబేదారి పోవుడు అన్నీ కలిపితే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు తక్కువల తక్కువ. సెమిస్టర్‌కు సుమారు 90 పనిదినాలు అనుకో, 360 గంటలు, అంటే పదిహేను రోజులు రాత్రీ పగలూ బస్సులోనే ఉన్నట్టు, అండ్ల సగం రోజులు నిలబడి.

టైం ఒక్కటే అయితే బస్సుల చదువుకుంటలే అనొచ్చు. అసలు నష్టం వేరే ఉంటది. అప్ అండ్ డౌన్ చేసే పిల్ల మనసు మధ్యాహ్నం మూడు నుంచే బస్టాండ్ల ఉంటది. చివరి గంట ల్యాబ్ ఉంటే రికార్డు సగంల పెట్టి లేస్తది, సార్‌ను డౌట్ అడుగుదామంటే సార్ ఖాళీ అయ్యేసరికి బస్సు పోతది, దోస్తులు కలిసి లెక్కలు చేసుకునేది సాయంత్రమే, ఆ టైంకు నువ్వు ఆత్మకూరు దగ్గర ఎక్కడనో ఉంటవు. మూడేండ్లు కాలేజీకి పోయివచ్చి కాలేజీల ఎవ్వరికీ తెల్వని పిల్లలు నా దగ్గరకు ఫైనలియర్‌ల వస్తరు, సిఫారసు లెటర్ కావాలంటే ఏ సార్‌ను అడగాల్నో కూడా తెల్వదు పాపం.

పైగా మీ తొవ్వ మామూలు తొవ్వ కాదు. అడ్మిషన్లు అయి క్లాసులు మొదలయ్యేది వానల్లనే, వాగులు పొంగితే ఏ బస్సు ఎక్కడ ఆగుతదో తెల్వదు. మేడారం జాతర వచ్చిన ఏడు పస్రా, తాడ్వాయి రోడ్డు ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా, బస్సులన్నీ జాతరకే తిరుగుతయి. ఇంటి దగ్గర్నే సమ్మక్క సారక్క సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ ఉంది గదా అని మీ నాన్న అనొచ్చు, అది 2024ల బీఏ ఇంగ్లీషు, ఎకనామిక్స్‌తోని మొదలైంది, నీకు కావాల్సింది బీఎస్సీ కాబట్టి ఆ ముచ్చట పక్కన పెడుదాం.

అందుకే నా మాట, కనీసం మొదటి ఏడాది హన్మకొండలనే ఉండు. పర్కాల నుంచో ఆత్మకూరు నుంచో వచ్చే పిల్ల అడిగితే పోయి రా అనేదాన్నే, నీ దూరానికి మాత్రం వద్దంట.

ఇది మీ నాన్నకు చదివి వినిపించు. అన్నా, బిడ్డను ఒక్కదాన్ని పట్నంల ఇడిసిపెట్టాలంటే మీకు గుబులు ఉంటది, కాదంటలేను. పైసల గురించి అయితే ముందు ప్రైవేట్ హాస్టల్ దిక్కు చూడకున్రి, ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజ్ హాస్టళ్ళు హన్మకొండల ఉన్నయి, అమ్మాయిలవి వేరేగనే ఉంటయి, సీట్లు తక్కువ కాబట్టి కాలేజీల రిపోర్ట్ చేసిన రోజే వార్డెన్‌ను కలవాలె. స్కాలర్‌షిప్‌కు సర్కారు ఈపాస్ వెబ్‌సైట్‌ల అప్లై చేసేటప్పుడు డే స్కాలరా, హాస్టలా అనేది సరిగ్గా నింపాలె, రెండిటికీ మెయింటెనెన్స్ వేరు వేరు. రోజూ ఫ్రీ బస్సు ఎక్కించే బదులు పదిహేను రోజులకోసారి అదే ఫ్రీ బస్సుల ఇంటికి రమ్మనున్రి, టికెట్ అప్పుడూ జీరోనే గదా.

ఏ హాస్టల్ దొరక్క ప్రైవేట్‌ది తప్పకపోతే నయీంనగర్, కిషన్‌పుర దిక్కు చానా ఉంటయి. రంగులు చూసి ఆగం కావద్దు. నీళ్ళు ఎట్ల వస్తయి, రాత్రి గేటు ఎన్నింటికి, ఒక్క రూంల ఎంతమంది, ఖాళీ చేస్తే అడ్వాన్స్ వాపస్ ఇస్తరా అని అక్కడ ఉండే పిల్లలను అడుగు, ఓనర్‌ను కాదు. నా మొదటి హాస్టల్ ఓనరమ్మ నా అడ్వాన్స్ ఇప్పటికీ ఇయ్యలే, రసీదు అడిగే ధైర్యం లేకపాయె నాకు. నువ్వు రసీదు తీసుకో.

ఇగ "ఎవ్వరూ క్లాసులకు పోరట" అన్నవు. అది సగం నిజం బిడ్డా, దాచిపెట్టి లాభం లేదు. మొదటి నెల క్లాసు నిండుగ ఉంటది, బతుకమ్మ, దసరా సెలవులకు ఊరికి పోయినోళ్ళల్ల కొంతమంది మళ్ళా పరీక్ష ఫీజు కట్టేటప్పుడే కనబడతరు. కొందరు పనికి పోతరు, ఇంట్ల పరిస్థితి, వాళ్ళను ఏమీ అనలేం. కొందరు ఊరికెనే రారు. మా బ్యాచ్ కూడా అంతే, సంక్రాంతికల్లా మ్యాథ్స్ క్లాసుల తొమ్మిది మందిమి మిగిలినం. మాకు అప్పుడు నామోషీగ ఉండేది, అందరూ హాయిగ తిరుగుతుంటె మనమే పిచ్చోళ్ళ లెక్క కూసున్నమా అని. కానీ తొమ్మిది మందికి ఒక సార్ అంటే ట్యూషన్ కన్నా నయం, ఒక్కొక్కళ్ళను బోర్డు మీదికి పిలిచి లెక్క చేయించేటోడు, పేరు పెట్టి తిట్టేటోడు. ఏ కార్పొరేట్ కాలేజీల దొరుకుతది అది? కాబట్టి క్లాస్ ఖాళీగ ఉందంటే అది నీకు మంచిదే అనుకొని ముందు బెంచీల కూసో. స్కాలర్‌షిప్‌కు 75 శాతం అటెండెన్స్ ఎట్లాగూ కావాలె, అది పోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా పోతది.

ఇంగ్లీషు భయం. ఇది మాత్రం నిజమైన కష్టమే, రెండు నెలలు ఏడుపొస్తది. కానీ ఒకటి గమనించు, నీకు సబ్జెక్టు రాక కాదు, పేర్లు మారినయి అంతే. నువ్వు ఇంటర్‌ల చదివిన అవకలనమే డిఫరెన్షియేషన్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, మాత్రిక అంటే మ్యాట్రిక్స్, నిర్ధారకం అంటే డిటర్మినెంట్. ఫిజిక్స్‌ల త్వరణం ఆక్సిలరేషన్ అయితది, ద్రవ్యవేగం మొమెంటం అయితది. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని మధ్యలో గీత కొట్టు, ఎడమ దిక్కు ఇంగ్లీషు మాట, కుడి దిక్కు తెలుగు మాట, రోజుకు పది రాసుకున్నా దసరా వరకు క్లాసుల చెప్పేది మెల్లగ అర్థమైతది. రాత్రి అర్థం కాని చాప్టర్‌ను ముందు తెలుగు అకాడమీ పుస్తకంల చదువు, తర్వాత ఇంగ్లీషు నోట్స్ పట్టు. పరీక్ష మాత్రం మొదటి సెమిస్టర్ నుంచే ఇంగ్లీషుల రాయి, తప్పులు పోతే పోనీ, లెక్కకు గ్రామర్ మార్కులు లేవు. స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులకు వేలకు వేలు పెట్టుడు ఇప్పుడే వద్దు, ఆ పైసలు దాచిపెట్టు.

ఒకటి మరిచిన, ఇంటర్‌ల ఏడాదికోసారి పరీక్ష ఉండె, ఇక్కడ ఆరు నెలలకోసారి. మొదటి సెమిస్టర్ల బ్యాక్‌లాగ్ పడితే, అంటే ఏదన్న సబ్జెక్టు ఫెయిలైతే, రెండోదాంట్ల కొత్తవి, పాతవి కలిసి మీద పడతయి, చానామంది ఇక్కడనే ఆగమైతరు.

ర్యాగింగ్ గురించి ఎక్కువ పరేషాన్ కాకు. అడ్మిషన్ టైంల యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఇస్తవు, సీనియర్లు కూడా ఇస్తరు. పేరు, ఊరు అడుగుతరు, చెప్పు. పాట పాడమంటే ఇష్టముంటే పాడు. అంతకన్నా ఎక్కువ చేస్తే ప్రిన్సిపల్ దగ్గరికి పో, కాకపోతే 1800-180-5522కు ఫోన్ చెయ్యి, ఇరవై నాలుగ్గంటలు పని చేస్తది. నిజానికి మీ ములుగు దిక్కు సీనియర్ అక్కలే నీకు పాత క్వశ్చన్ పేపర్లు ఇచ్చేది, వాళ్ళను తప్పించుకొని తిరగకు.

సాయంత్రాలు మిగిలినయి గదా, వాటిని ఏం చేస్తవు? ఇన్‌స్టా చూస్తె బస్సుల కూసున్నా ఒకటే, హాస్టల్ల కూసున్నా ఒకటే. క్లాసు అయినంక గంటన్నర కాలేజీ లైబ్రరీ. అది మూసేస్తే హన్మకొండల సర్కారు గ్రంథాలయం ఉంది, పోటీ పరీక్షలోళ్ళు బ్యాగులు పెట్టి సీట్లు పట్టుకుంటరు, జర ముందు పోవాలె. రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అని ఇంకోటుంది, నిజాం కాలంల 1904ల పెట్టింది, తెలుగు పుస్తకాల మీద ప్రేమ ఉంటే ఒకసారి చూసి రా. ఆదివారం భద్రకాళి చెరువు దిక్కు నడువు, ఇంటి మీద బెంగ కొంచెం తగ్గుతది.

గ్రూప్స్ కోచింగ్‌కు ఇప్పుడే పోవాల్నా అని నువ్వు అడగలే గానీ, అక్కడ దిగినంక ఎవరో ఒకరు నీ చెవుల ఊదుతరు. మొదటి ఏడాది వద్దు. మ్యాథ్స్ మీద మనసు ఉంటే ఒకసారి కాజీపేట రోడ్డున ఎన్ఐటీ గేటు చూసి రా, జామ్ అనే ఎంట్రన్స్ రాసి బీఎస్సీ పిల్లలు అండ్ల ఎమ్మెస్సీకి పోవచ్చు, ఈ సంగతి మీ క్లాసుల పది మందికి కూడా తెల్వదు. పీజీకి సీపీగెట్, బీఈడీకి ఎడ్‌సెట్ ఎంట్రన్స్‌ల ముచ్చట సెకండియర్‌ల మాట్లాడుదాం.

పోయేటప్పుడు టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, కులం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ నాలుగు నాలుగు సెట్లు జిరాక్స్ తీసుకో, ఒరిజినల్స్ ఇచ్చే ముందు ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకో. ఇన్‌కమ్ సర్టిఫికెట్ పాతదైతే ఊర్లె ఉన్నప్పుడే మీసేవల కొత్తది చేయించు, దాని కోసం మళ్ళా మధ్యలో రెండు రోజులు క్లాసు పోగొట్టుకోకు. పాస్‌పోర్ట్ ఫొటోలు పన్నెండు దిగు, హాస్టల్‌కు, కాలేజీకి, బ్యాంకుకు అని అన్నీ అయిపోతయి, అండ్ల రెండు లైబ్రరీ కార్డుకు పక్కన పెట్టు.