పడకగదిలో తీసిన స్పీడ్ టెస్ట్‌తో కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది మలక్‌పేట. 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ నా భార్య పేరున ఉంది. రాత్రి ఏడు దాటిందంటే నెట్ నత్తనడకే. ఇంటి నుంచి పనిచేసే నాకు మీటింగుల్లో మాట తెగిపోయి, క్లయింటు ముందు పరువు పోయి, చివరికి 2023 నవంబర్‌లో ఉద్యోగం పోయింది. టెన్షన్‌తో ఆరోగ్యం కూడా చెడింది. లైన్‌మన్ వచ్చినప్పుడల్లా రౌటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఓటీపీ చెప్పించుకుని వెళ్తాడు. పడకగదిలో ఫోన్‌లో తీసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్నింటికి పాత తేదీలు వేస్తే కేసు గట్టిపడుతుందని స్నేహితుడు అంటున్నాడు. 10 లక్షల పరిహారం అడగవచ్చా?

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో కేసును తేల్చేది ఒక్క మాటే: ‘పడకగదిలో ఫోన్‌లో తీసిన’. మిగతాదంతా నిజమే కావచ్చు, వినియోగదారుల కమిషన్ ముందు మాత్రం అది తర్వాతి సంగతి.

కంపెనీ మీకు అమ్మింది మీ ఇంట్లో పెట్టిన పెట్టె (రౌటర్) దాకా వచ్చే వేగం. ఆ పెట్టె హాల్లో టీవీ వెనక, మీరు రెండు గోడల అవతల. వైఫై గోడ దాటేసరికే బలహీనపడుతుంది. అపార్ట్‌మెంటులో అయితే రాత్రి అందరూ ఇళ్లకు చేరాక పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మీద మరీ ఎక్కువ. ‘మా లైన్‌లో లోపం లేదు, గోడల సంగతి మాకేం తెలుసు’ అని కంపెనీ లాయరు ఒక్క ముక్కలో అంటాడు. దానికి మీ దగ్గర జవాబు లేదు. నిజంగా రాత్రిపూట వాళ్ల లైన్ మీదే రద్దీ ఎక్కువై వేగం పడిపోతుంటే అది సేవాలోపమే. ‘200 వరకు’ అని రాశాం కదా అని తప్పించుకోవడమూ అంత సులువు కాదు, రోజూ రాత్రి పదో వంతు ఇచ్చి ‘వరకు’ అంటే ఎవరూ ఒప్పుకోరు. కానీ పెట్టె దగ్గరికే వేగం తగ్గి వస్తోందని చూపాల్సింది మీరు.

రెండో సంగతి మీకు నచ్చదు. వేగం సరిపోయిందో లేదో చూడకుండా ఓటీపీ ఎందుకు చెప్పారు? రౌటర్ ఆపి ఆన్ చేస్తే పది నిమిషాలు బాగానే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో మీరు చెప్పిన ఓటీపీకి కంపెనీ రికార్డులో అర్థం ‘సమస్య తీరింది, కస్టమర్ ఒప్పుకున్నారు’ అని. మీ ఫిర్యాదులన్నీ అక్కడ మూసిన ఫిర్యాదులే. లైన్‌మన్‌తో వాట్సాప్‌లో ‘అన్నా, నెట్ రావట్లేదు’, ‘వస్తున్నా సార్’ అని సాగిన సంభాషణ ఉంటే ఉంచుకోండి, కొంత పనికొస్తుంది. కానీ డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఉన్న ఎస్సెమ్మెస్‌లు డిలీట్ చేసి ఉంటే అంతకు మించిన నిర్లక్ష్యం లేదు.

ఉద్యోగం సంగతి మర్చిపోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లే గడువు. మీ ఉద్యోగం పోయింది 2023 నవంబర్‌లో, అంటే 2025 నవంబర్‌తోనే ఆ కిటికీ మూసుకుపోయింది. మధ్యలో కస్టమర్ కేర్‌కు ఎన్ని మెయిళ్లు పెట్టినా గడువు సాగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ తగిన కారణం చూపాలి, అది మీ ఉత్తరంలో కనిపించలేదు. పైగా ఇంటర్నెట్ వల్లే తీసేశామని మీ యజమాని కాగితం మీద రాశాడా? రాయకపోతే అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 చెప్పే దూరపు నష్టం కిందే పోతుంది, అంటే నేరుగా కలగని ఆ నష్టానికి పరిహారం రాదు. ఈ రెండేళ్లలో కట్టిన బిల్లుల సంగతి వేరు, లోపం నేటికీ సాగుతోంది కాబట్టి వాటి మీద అడగవచ్చు.

ఇక మీ స్నేహితుడి సలహా. ఆ పని చేయవద్దు. టెస్ట్ యాప్‌లో సమయం, సర్వర్ పేరు, ఐపీ అన్నీ ఉంటాయి. కంపెనీ దగ్గర మీ పెట్టెకు చేరిన సిగ్నల్ బలం, ఏ రోజు ఎప్పుడు కనెక్ట్ అయిందీ రికార్డు ఉంటుంది. తేదీ ఒక్కటి పొసగకపోయినా నిజమైన స్క్రీన్‌షాట్లను కూడా ఎవరూ నమ్మరు. కమిషన్‌లో జరిగేది న్యాయవిచారణే. తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. నెట్ బిల్లు కోసం జైలు దాకా వెళ్లడమేమిటి?

చేయాల్సింది ఇదీ. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు కలిపి, వైఫై ఆపేసి, పదిహేను రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి ఒకే సర్వర్‌తో టెస్ట్ చేయండి. కేబుల్, పోర్టు గిగాబిట్‌వి కావాలి. పాతవైతే లైన్ ఎంత బాగున్నా వేగం 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది, దాన్ని చూపి మీరే నవ్వులపాలవుతారు. డౌన్‌లోడ్‌లో సెకనుకు 25 మెగాబైట్లు కనిపిస్తే కంగారు పడకండి, ఒక బైటంటే ఎనిమిది బిట్లు కాబట్టి 200 మెగాబిట్లంటే అదే. కేబుల్‌తో వేగం నిండుగా వస్తే కేసు లేదు, రౌటర్ చోటు మార్చుకుని 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కు మారండి. కేబుల్‌తోనూ రాత్రికి పడిపోతే ఆ స్క్రీన్‌షాట్లను అసలు ఫైళ్లతో దాచి, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. కమిషన్ దాని మీద అంత పట్టుబట్టకపోయినా ఉంటే నష్టం లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కరెంటు షాక్‌తో ప్రాణాలు పోయిన దుర్ఘటన తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించిన రోజుల్ని లెక్కలోకి తేకండి, అది మా చేతిలో లేదని కంపెనీ చెప్పుకోగలదు.

తర్వాత కొత్తగా ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. కేబుల్‌తో వేగం చూసేదాకా ఓటీపీ చెప్పకండి. తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు విచారించదు, అక్కడికి రాసి నెలలు పోగొట్టుకోవద్దు. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్‌కు రావని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి, 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో వస్తాయని సుప్రీంకోర్టు తేల్చేసింది. 2019 చట్టం సేవల జాబితాలో టెలికాం పేరు కూడా ఉంది.

కనెక్షన్ మీ భార్య పేరున ఉంది కనుక ఫిర్యాదు ఆమె పేరున వేయడమే సుఖం. మీరు ఉండేది హైదరాబాద్ కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా సరే. మీరు కట్టిన బిల్లులు 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. అడగాల్సింది గడువు లోపలి బిల్లుల్లో సగమో, మీ లెక్క చెప్పినంతో వాపసు, మానసిక వేదనకు పరిమితమైన మొత్తం, ఖర్చులు. విసుగొచ్చి వేరే కంపెనీకి మారాలనుకుంటే ముందు రాతపూర్వకంగా రద్దు చేయించి, పెట్టె తిరిగి ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.