తడి కట్టెల సంగతి

తెనాలి,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మధ్యాహ్నం మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సివిల్స్‌కు కూర్చుంటున్నావట, హైదరాబాదులో కోచింగు సెంటర్లుండే అశోక్‌నగర్‌లో హాస్టలు కూడా చూసుకున్నావట. చెబుతున్నంతసేపూ దాని గొంతు వణుకుతూనే ఉంది. నేను మాత్రం ఫోను పెట్టేశాక వీధి అరుగు మీద కూర్చుని చాలాసేపు సంతోషపడ్డాను. మన ఇంట్లో ఆ పరీక్షకు కూర్చునే మొదటి పిల్లవు నువ్వు. చీకటి పడ్డాక భయం మొదలైంది. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, నీ తొందర మీదే. చిన్నప్పుడు నేను పొడుపుకథ సగం చెప్పేసరికే జవాబు చెప్పేసేదానివి. చాలాసార్లు అది సరైనదే అయ్యేది. కానప్పుడు మాత్రం, ఎందుకు కాలేదో వినకుండా ఆటకు పరుగెత్తేదానివి. అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు.

ప్రిలిమ్స్‌లో రెండో పేపరు, అదే తర్కం, లెక్కలు, గద్యభాగాలు ఉండే సీశాట్ గురించి "అది అర్హత పేపరే కదా, ఇంజనీరింగు చదివినదాన్ని, దానికి చదవక్కర్లేదు" అన్నావట. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. 80 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు, 33 శాతం వస్తే చాలు. అంతవరకు నువ్వన్నది నిజమే. ఆ 33 శాతం రాకపోతే మొదటి పేపరులో నీకెన్ని మార్కులు వచ్చినా వాటిని లెక్కలోకే తీసుకోరు. "అర్హత పేపరు కాబట్టి తేలిక" అన్నావు చూడు, ఆ 'కాబట్టి' కింద ఒక మాట నక్కి ఉంది: తక్కువ మార్కులతో సరిపెట్టే పేపరు తేలిగ్గానే ఉంటుందని. అది నీకు ఎవరు చెప్పారు? నోటిఫికేషనులో లేదు, పాత ప్రశ్నపత్రాల్లోనూ లేదు. నీ అంతట నువ్వే అనుకున్నావు. పరీక్షలో నిన్ను పడగొట్టేది కూడా సరిగ్గా ఇదే.

పాత ప్రశ్నపత్రాలు గడియారం ఎదురుగా పెట్టుకుని చెయ్యి. తప్పులకు విడిగా ఒక నోటుపుస్తకం పెట్టు. రాత్రి పదకొండు దాటాక మేలుకోవద్దు. వీటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు, నీకూ తెలుసు.

తెలియనిది చెబుతాను. ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్ఫై ఒక్క ఏళ్లు తర్కం చెప్పినదాన్ని. అన్నంభట్టు మన ఆంధ్రదేశంవాడే. పదిహేడో శతాబ్దంలో ఆయన రాసిన తర్కసంగ్రహం చిన్న పుస్తకం, కానీ అందులో ఒక ఉదాహరణ నా జీవితమంతా నా వెంట వచ్చింది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందనవచ్చు. మరి నిప్పు కనిపిస్తే పొగ ఉందనవచ్చా? అనకూడదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే మధ్యలో తడి కట్టెలు ఉండాలి. మాటల్లో చెప్పకుండా వదిలేసిన ఆ తడి కట్టెలనే శాస్త్రంలో ఉపాధి అంటారు. నీ ప్రశ్నపత్రంలో గద్యభాగం కింద ఇచ్చే అజంప్షన్ల ప్రశ్న, అంటే చెప్పకుండా నిజమనుకున్న మాటల ప్రశ్న, అడిగేదీ అదే: ఈ వాదంలో తడి కట్టెలు ఎక్కడున్నాయి?

ఇది పాఠంగా నాకు బాగా వచ్చు. బతుకులో ఒకసారి రాలేదు. ఈ సంగతి మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు అయింది అప్పటికి. అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ముందూ వెనకా కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ల పేపర్లలో ఐదు జవాబులు ఒకేలా తప్పుగా ఉన్నాయి, మాట పొల్లుపోకుండా. ముందు కూర్చున్నవాడు తరగతిలో మొదటివాడు. వెనకవాడు పక్క పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు, మొదటి గంటకు తరచూ ఆలస్యం, ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. ఇద్దరి జవాబులూ ఒప్పుగా కలిస్తే వింత లేదు, తప్పులు అక్షరం అక్షరం కలిశాయంటే ఏదో కారణం ఉండాలి. అంతవరకు నా ఆలోచన సరిగానే ఉంది. ఆ తరువాతి అడుగు ఎప్పుడు వేశానో నాకే తెలియదు. వెనకవాడు ముందువాడి పేపరు చూసి రాశాడని తేల్చేశాను. స్టాఫ్‌రూముకు పిలిచి, అందరూ వింటుండగా అడిగాను. "లేదు మేడం" అన్నాడు. ఇంకేమీ అనలేదు, తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. ఎర్ర సిరాతో సున్నా వేశాను. నిప్పు లేనిదే పొగ రాదని పక్క కుర్చీలో ఉన్న లెక్చరరుతో అన్నాను కూడా.

మరుసటి సోమవారం నుంచి ఆ పిల్లవాడు కాలేజీకి రాలేదు.

మార్చి నెలలో ఒక సాయంత్రం వేరే సెక్షను అమ్మాయి సందేహం అడగడానికి వచ్చింది. అదే పరీక్షను వేరే గదిలో రాసిన పిల్ల. తన చేతిలో అంచులు నలిగిపోయిన ఒక చేతిరాత నోట్సు ఉంది. పేజీ తిప్పితే ఆ ఐదు జవాబులూ ఉన్నాయి, అవే తప్పులతో. ఎవరిదమ్మా ఇది అని అడిగాను. నేను సున్నా వేసిన కుర్రాడి అన్నయ్యదట. అన్న అంతకు రెండేళ్ల ముందు రాసుకున్న నోట్సును తమ్ముడే తెచ్చి, అడిగినవాళ్లందరికీ ఇచ్చాడు. ముందు బెంచీవాడు కూడా అందులోనే చదివాడు.

కాపీ కొడితే తప్పులు కలుస్తాయి, నిజం. తప్పులు కలిశాయి కాబట్టి కాపీ కొట్టారని నేను దాన్ని తిప్పేశాను. తిప్పాలంటే మధ్యలో ఒక మాట ఉండాలి: ఇద్దరికీ ఉమ్మడిగా ఇంకే ఆధారమూ లేదని. అది నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. దాని మీద ఇంకొకటి, చూసి రాసేది వెనకవాడే అని. దాని మీద మరొకటి, బాగా చదివే పిల్లవాడు కాపీ కొట్టడని. ఇక చివరిది, తల వంచుకున్నవాడిదే తప్పు అని. నాలుగు మాటలు. నాలుగింటిలో ఒక్కటి కూడా ఆ పేపర్లలో లేదు, నాలుగూ నావే.

మరునాడే వాళ్ల ఊరికి వెళ్లాను. వాళ్ల అమ్మ మంచినీళ్లు ఇచ్చి, ఇంత ఎండలో వచ్చారేమిటి తల్లీ అంది. పిల్లవాడు అప్పటికే లారీల షెడ్డులో పనికి చేరిపోయాడు. షెడ్డుకు వెళ్లి, అక్కడున్నవాళ్లు వింటుండగానే తప్పు నాదని చెప్పాను. స్టాఫ్‌రూములో అందరి ముందూ అన్నదాన్ని కదా. మరుసటి ఏడాది ఫీజు కట్టి పరీక్ష రాయించాను, పాసయ్యాడు. కాలేజీకి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ ఎవరైనా నా ఎదుట తల వంచుకుంటే నాకు ఆ షెడ్డు గుర్తొస్తుంది.

ఇంత ఎందుకు రాశానంటే, నువ్వు పాసయితే ఏదో ఒక రోజు ఒక జిల్లాలో కుర్చీలో కూర్చుంటావు. నీ ఎదురుగా ఇలాంటి కాగితాలే వస్తాయి. పరీక్షలో తప్పితే ఒక ప్రశ్న పోతుంది. అక్కడ తప్పితే ఏమి పోతుందో నేను చూశాను.

ఈ తిప్పేసే జబ్బు అందరికీ ఉన్నదే. 1966లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు కార్డుల పరీక్ష ఒకటి పెట్టాడు. నేను దాన్ని తరగతిలో తెలుగు అక్షరాలతో చేయించేదాన్ని. బల్ల మీద నాలుగు కార్డులు: అ, క, 4, 7. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలన్నది నియమం. నియమం తప్పిందో లేదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పి చూడాలి? చాలామంది అ, 4 అంటారు. తిప్పాల్సినవి అ, 7. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమానికి వచ్చిన నష్టం లేదు. ఏడు వెనక అచ్చు ఉంటే నియమం కూలుతుంది. కాగితం ముక్కలు కోసుకుని నువ్వే చేసి చూడు, చదివితే సరిపోదు.

ప్రశ్నపత్రం నీకు ఇంగ్లీషులో, హిందీలో వస్తుంది. వాక్యం చిక్కుగా ఉంటే మనసులో తెలుగులోకి తెచ్చుకో, మన భాషలో ఒక చిన్న ఏత్వం గుట్టు విప్పేస్తుంది. "చదివినవాళ్లంతా పాసవుతారు" వేరు, "చదివినవాళ్లే పాసవుతారు" వేరు. మొదటిదాని ప్రకారం చదివితే చాలు. రెండోదాని ప్రకారం చదవకపోతే లేదు, చదివినా పాసవుతారన్న హామీ లేదు. 'కొందరు' దగ్గర కూడా జాగ్రత్త. కొందరు వచ్చారని ఇంట్లో అంటే మిగతావాళ్లు రాలేదనే అర్థం చేసుకుంటాం. తర్కంలో కొందరంటే కనీసం ఒకరు, అందరూ వచ్చి ఉన్నా ఆ మాట అబద్ధం కాదు.

ఏది తడి కట్టె, ఏది కాదో తేల్చడానికి ఒకే ఒక పరీక్ష ఉంది. ఆ మాటను కాదని చూడు. వాదం కూలిపోతే అది అవసరమైన మాట, నిలబడితే కాదు. "ఊరికి బస్సు వేశారు కాబట్టి బడిలో హాజరు పెరుగుతుంది" అన్నారనుకో. పిల్లలంతా ఆ బస్సే ఎక్కుతారన్నది ఒక ఐచ్ఛికం, అంటే ఎంచుకోమని ఇచ్చిన జవాబుల్లో ఒకటి. రవాణా లేక కొందరు పిల్లలు బడి మానుతున్నారన్నది ఇంకొకటి. రెండోదాన్ని కాదను: రవాణా లేదని బడి మానేవాళ్లు ఒక్కరూ లేరు. ఇక బస్సు వల్ల హాజరు ఎలా పెరుగుతుంది? వాదం కూలింది. మొదటిదాన్ని కాదను: పిల్లల్లో కొందరు ఆ బస్సు ఎక్కరు. ఎక్కనీ, ఎక్కినవాళ్ల వల్ల హాజరు పెరగవచ్చు. ఇక్కడే మా పిల్లలు పడిపోయేవాళ్లు. 'అందరూ' అన్నదాన్ని కాదంటే 'ఎవరూ కాదు' అవుతుందనుకునేవాళ్లు. అవదు, 'కొందరు కాదు' అవుతుంది, అంతే.

రక్త సంబంధాల ప్రశ్నల్లో, పిల్ల అని రాస్తే ఆడపిల్లో మగపిల్లో చెప్పలేదని గుర్తు పెట్టుకో. డాక్టరు అనగానే మగవాడిని ఊహించకు. మన ఇంట్లో ముగ్గురు ఆడ డాక్టర్లు ఉన్నా నువ్వు ఒకసారి ఆ తప్పు చేశావు.

తెలియని ప్రశ్నలకు ఊహించి జవాబు పెట్టేస్తే పోయేదేముంది అంటావేమో. ఒప్పుకు రెండున్నర మార్కులు, తప్పుకు అందులో మూడోవంతు కోత. కళ్లు మూసుకుని నాలుగు ప్రశ్నలకు పెడితే లెక్క ప్రకారం ఒకటి ఒప్పు, మూడు తప్పు. వచ్చిన రెండున్నర, పోయిన రెండున్నర, చేతికి సున్నా. పోనీలే అనుకుంటావు. కానీ కళ్లు మూసుకుని ఎవరు పెడతారు? తోచినది పెడతారు. ప్రశ్న తయారుచేసినవాడు తొందరపడే మనిషికి ఏది తోచాలో ముందే ఆలోచించి దాన్ని ఐచ్ఛికంగా పెడతాడు. నీలాంటి పిల్ల తోచింది పెడితే సున్నా కంటే కిందకే పోతుంది. ఒకటి రెండు ఐచ్ఛికాలను కారణంతో కొట్టేయగలిగితేనే పెట్టు.

ఉద్యోగం మానితేనే చదవగలనని మీ అమ్మతో అన్నావట. ఆ ఏత్వం నిజమో కాదో నాకు తెలియదు, అయిపోయినదాని గురించి వాదించను. మానేశాను కాబట్టి వచ్చేస్తుందని మాత్రం అనుకోకు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని పాత మాట ఒకటి ఉంది. అశోక్‌నగర్ కూడా అంతే. ఒకవేళ రాలేదనుకో, రాలేదు కాబట్టి నేను పనికిరాను అని మాత్రం నీ నోట రాకూడదు. ఆ 'కాబట్టి' కింద ఏముందో ముందు నాకు చెప్పు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

పొద్దున పూట ఏమీ తినకుండా క్లాసుకు వెళ్లవద్దు. హాస్టలు అద్దె, పుస్తకాల ఖర్చు సంగతి మీ అమ్మను అడగకు, దానికి తమ్ముడి ఫీజులు ఉన్నాయి. నా పెన్షను ఒకటో తేదీన పడుతుంది, రెండో తేదీన నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ