ఆలయ భద్రతకు మంజూరైన ఫెడరల్ గ్రాంటును ఎలా నిర్వహించాలి?

అమెరికాలోని మీ ఆలయానికి, లాభాపేక్ష లేని సంస్థల భద్రత కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంటు మంజూరైనట్లు రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చిందని, దసరాలోపే కెమెరాలు, గేటు పెట్టించాలని కమిటీ తొందరపడుతోందని, డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో, లెక్కలు ఎవరు చూడాలో తెలియడం లేదని రాశారు. మా ఆలయంలో ఇదే గ్రాంటు వ్యవహారాన్ని దరఖాస్తు నుంచి ముగింపు నివేదిక దాకా దగ్గరుండి చూసుకున్నవాడిగా ముందు ఒక్క మాట చెబుతాను. కాంట్రాక్టరుకు ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి, గోడకు ఒక్క రంధ్రం కూడా వేయించకండి.

ఈ పథకాన్ని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉండే ఫెడరల్ అత్యవసర నిర్వహణ సంస్థ ఫీమా (FEMA) నడుపుతుంది. అయితే ఫీమాతో మనకు నేరుగా లావాదేవీ ఉండదు. ప్రతి రాష్ట్రంలోనూ ఇందుకోసం ఉండే అడ్మినిస్ట్రేటివ్ ఏజెన్సీకి ఆ నిధి చేరుతుంది, వారితో మనం ఒప్పందం చేసుకుంటాం. ఆ ఒప్పందంపై సంతకాలు కావాలి. ఆ తరువాత, కట్టడాన్ని గానీ నేలను గానీ కదిలించే ఏ పనికైనా పర్యావరణ, చారిత్రక పరిరక్షణ సమీక్ష పూర్తయి, లిఖితపూర్వకమైన అనుమతి రావాలి. వాడుకలో దీన్ని ఈహెచ్‌పీ అంటారు. అనుమతి రాకముందు మొదలుపెట్టిన పనికి, అది ఎంత అవసరమైనదైనా సరే, డబ్బు తిరిగి రాకపోవచ్చు. మా దగ్గర గోడలకు బిగించే కెమెరాల విషయం సులువుగానే తేలింది గానీ, పార్కింగ్ స్థలం చివర వేయాల్సిన కొత్త దీపస్తంభాలకు, వాటికి కేబుల్ తీసుకెళ్లే ట్రెంచ్‌కు చాలా వివరాలు అడిగారు. స్థలం పైనుంచి తీసిన చిత్రం మీద ట్రెంచ్ దారిని ఎర్రగీతతో గీసి, ఎక్కడెక్కడ ఎంత లోతు, ఎంత వెడల్పు తవ్వుతామో రాసి, కట్టడం ఏ సంవత్సరానిదో తెలిపి, ప్రతి స్తంభం వచ్చే చోటును విడిగా ఫొటో తీసి పంపాము. ఫారం మొదటిసారే ఇంత వివరంగా పంపితే ఎదురు ప్రశ్నలు తగ్గుతాయి.

ఇక డబ్బు సంగతి. మంజూరు ఉత్తరంలో ఉన్న మొత్తం చెక్కు రూపంలో ముందుగా రాదు. సాధారణంగా ఆలయమే ముందు ఖర్చు పెట్టి, బిల్లు, చెల్లింపు రుజువు, పని పూర్తయినట్లు ఆధారం జతచేసి రాష్ట్రాన్ని రీయింబర్స్‌మెంట్ అడగాలి. 2023లో ఒక్కో స్థలానికి గరిష్ఠ పరిమితి 1,50,000 డాలర్లు ఉండేది. అంత సొమ్ము కొన్ని నెలలపాటు బయట ఉండిపోతే నెలవారీ జీతాలకు, నైవేద్యాలకు ఇబ్బంది రాదా అని మీ కోశాధికారి ఇప్పుడే లెక్క వేయాలి. అన్ని పనులూ ఒకేసారి మొదలుపెట్టకుండా, ఒక విడత సొమ్ము తిరిగొచ్చాక మరో విడత చేపట్టడం చిన్న ఆలయాలకు క్షేమం. పనులను ఇలా విడదీయవచ్చో లేదో రాష్ట్ర అధికారిని ముందే అడగండి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి ఇప్పుడు వస్తున్నాను. ఫీమా రాష్ట్రానికి ఇచ్చే కాలవ్యవధి సాధారణంగా 36 నెలలు, రాష్ట్రం మీకిచ్చే గడువు అంతకంటే తక్కువ ఉండవచ్చు. మన ఆలయాల కార్యవర్గాలు చాలాచోట్ల రెండేళ్లకోసారి మారతాయి. అంటే ఒప్పందంపై సంతకం చేసినవారు ఒకరు, పని చేయించేవారు మరొకరు, చివరి నివేదిక పంపేవారు ఇంకొకరు అవుతారు. ఏ కెమెరా ఎందుకు మార్చారో, ఎవరి ఈమెయిల్‌లో ఆ అనుమతి ఉందో కొత్తవారికి తెలియదు. అందుకే గ్రాంటు బాధ్యతను పదవికి కాకుండా, ఎన్నికలతో సంబంధం లేని ఇద్దరు సభ్యులకు బోర్డు తీర్మానం ద్వారా అప్పగించండి. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ వ్యక్తిగత ఖాతాల్లో కాకుండా ఆలయం పేరున్న ఒకే ఈమెయిల్ నుంచి జరగాలి. నిర్వహణ ఖర్చుల కింద గ్రాంటులో 5 శాతం వరకు వాడుకునే వీలుంది. దరఖాస్తు బడ్జెట్‌లో మీరు దాన్ని చూపించి ఉంటే, లెక్కలు తెలిసిన ఒకరికి కొన్ని గంటల పని అప్పగించడానికి అది పనికొస్తుంది. బడ్జెట్‌లో లేని వస్తువు కొనాలన్నా, ఒక పద్దు నుంచి మరో పద్దుకు సొమ్ము మార్చాలన్నా రాష్ట్రం అనుమతి ముందుగానే తీసుకోవాలి.

కొనుగోలులో మన సమాజానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భక్తులలో ఒకరికి కెమెరాల వ్యాపారం ఉంటుంది, సేవగా భావించి తక్కువ ధరకు చేస్తానంటారు. వారి మనసు మంచిదే, అయినా ఫెడరల్ సొమ్ముతో కొనేటప్పుడు పోటీ కొటేషన్లు, స్వప్రయోజన నిబంధనలు వర్తిస్తాయి. ఆ భక్తుడు గానీ, వారి బంధువు గానీ కమిటీలో ఉంటే ఎంపిక చర్చలో పాల్గొనకూడదు, ఆ సంగతి మినిట్స్‌లో రాసి ఉండాలి. హైక్‌విజన్, దహువా వంటి కొన్ని చైనా సంస్థల నిఘా పరికరాలను ఫెడరల్ గ్రాంటు సొమ్ముతో కొనడం చట్టప్రకారం నిషిద్ధం. అవే పరికరాలు వేరే పేర్లతో కూడా అమ్ముడవుతాయి కాబట్టి, తయారీదారు ఎవరో కొటేషన్‌లోనే రాసివ్వమనండి.

పరికరాలు బిగించినంత మాత్రాన ఆలయం సిద్ధమైనట్లు కాదు. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాపై దాడి జరిగాక ప్రార్థనా స్థలాల భద్రత మనందరి ఆందోళన అయింది. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలోనే ఉన్న సీసా (CISA) అనే సంస్థకు చెందిన భద్రతా సలహాదారులు రుసుము లేకుండా వచ్చి స్థలాన్ని పరిశీలిస్తారు. మా ఆలయంలో పక్క తలుపుకు అడ్డంగా చెప్పుల అరలు పెట్టి ఉండేవి. వైకుంఠ ఏకాదశినాడు ఆ వైపు జనం ఎలా బయటికి వెళ్తారని పరిశీలనకు వచ్చిన సలహాదారు అడిగారు, ఆ అరలను పక్కకు జరపడానికి గ్రాంటు అక్కర్లేకపోయింది. కౌంటీ అత్యవసర నిర్వహణ విభాగాన్ని, స్థానిక పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని ఒకసారి పిలిచి కట్టడమంతా చూపించండి. గర్భగుడిలోకి ఎవరు వెళ్లవచ్చు, వంటశాల గ్యాస్ వాల్వు ఎక్కడుంది, పెద్దవాళ్లు ఎక్కువగా ఎక్కడ కూర్చుంటారు వంటివి వారికి పండుగకు ముందే తెలియాలి. దరఖాస్తులో శిక్షణ, డ్రిల్ పద్దులు పెట్టి ఉంటే వాటిని చివరికి వదిలేయకండి. గడువు ముంచుకొచ్చినప్పుడు ముందుగా వదిలేసేవి అవే.

కొన్న ప్రతి పరికరం సీరియల్ నంబరు, బిల్లు, అది బిగించిన చోటు ఒకే పట్టికలో ఉంచండి. చివరి నివేదిక సమర్పించాక కూడా కాగితాలను కనీసం 3 సంవత్సరాలు భద్రపరచాలి, రాష్ట్రం తన ఒప్పందంలో అంతకంటే ఎక్కువ కాలం అడిగితే అదే వర్తిస్తుంది. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి, మీకు గ్రాంటు వచ్చిన సంవత్సరానికి ఫీమా విడుదల చేసిన గ్రాంటు ప్రకటననే ప్రమాణంగా తీసుకోండి.