కార్తిక సోమవారాలు ఉపవాసం ఉండవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నా వయసు 23. మూడేళ్ళ క్రితం అక్క పెళ్ళికి సన్నబడాలని అన్నం మానేశాను. తరువాత ఆకలికి ఆగలేక ఒక్కసారిగా తినేయడం, తిన్నదంతా కక్కేయడం అలవాటైంది. ఏడాదిన్నరగా కాకినాడలో మానసిక వైద్యులు చికిత్స చేస్తున్నారు. ఎనిమిది నెలలుగా వాంతి చేసుకోలేదు కానీ బరువు పెరిగాను. పెద్ద పండక్కి వచ్చే అరిసెలు, చుట్టాల మాటలు తలచుకుంటేనే భయం వేస్తోంది. ఈలోగా కార్తిక సోమవారాలు ఉపవాసం ఉంటే పుణ్యమూ వస్తుంది, ఒళ్ళూ తేలికపడుతుందని అమ్మ అంటోంది. నాకూ ఆశగానే ఉంది. ఏడాది పొడుగునా ఏదో ఒక పండగే కదా, ఎలా నెట్టుకురావాలి?

జవాబు: ఎనిమిది నెలలు వాంతి లేకుండా గడపడం ఎంత కష్టమో ఆ బాధ పడినవారికే తెలుస్తుంది. ముందుగా ఆ మాట చెప్పి, తరువాత మీకు రుచించని మాట చెబుతాను. మీరు అరిసెలకు భయపడుతున్నారు, ఉపవాసానికి ఆశపడుతున్నారు. నేనైతే అరిసె తినమంటాను, ఉపవాసం వద్దంటాను.

మీ జబ్బు అన్నం మానడంతోనే మొదలైందని మీరే రాశారు. మాడిన కడుపు తిండి దొరికినప్పుడు అదుపు తప్పుతుంది, తిన్నందుకు సిగ్గు వేసి కక్కడం జరుగుతుంది, కక్కిన తరువాత రేపటి నుంచి ఏమీ ముట్టనని పెట్టుకున్న ఒట్టు మళ్ళీ ఆకలిని తెస్తుంది. దీన్ని మనోబలం చాలకపోవడంగా చూడకండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తామే ముందుకు వచ్చి దాదాపు ఆరు నెలలు సగం తిండితో గడిపారు. వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, మళ్ళీ కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కూడా కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. పగలంతా ఖాళీ కడుపుతో ఉండి చుక్కను చూశాక భోంచేయడం ఆరోగ్యవంతులకు వ్రతం కావచ్చు, మీ శరీరానికి మాత్రం అది బాగా నలిగిన పాత దారి. అట్లతద్దికి తెల్లవారుజామున చద్దన్నం తిని చంద్రోదయం దాకా ఉండడమూ అంతే. పైగా ఒళ్ళు తేలికపడుతుందన్న ఆశ కలిసినప్పుడు అది దేవుడి పేరు పెట్టుకున్న డైటింగే అవుతుంది.

రోగులకూ గర్భిణులకూ పసివాళ్ళకూ ఉపవాసం అక్కరలేదని మన పెద్దలు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. తెల్లవారుజామున స్నానం చేయండి, అరటి దొప్పలో దీపం పెట్టి కాలువలో వదలండి, గుడికి వెళ్ళండి. ఇంటికి వచ్చి వేళకు ఇడ్లీ తినండి.

ఏడాది గురించి అడిగారు. మన క్యాలెండరు ఒక నెల పస్తు పెడుతుంది, మరో నెల విస్తరి నింపుతుంది. మీ భోజన వేళలు దానితో పాటు ఊగకూడదు. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఎప్పుడూ నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం అనే క్రమం భోగి నాడైనా, వనభోజనాల నాడైనా, మామూలు మంగళవారమైనా ఒకటే. మధ్యాహ్నం పిండివంటలు ఉన్నాయి కదా అని పొద్దున్న టిఫిను మానడమే పండగ పూట మీరు చేయగలిగిన పెద్ద పొరపాటు. అరిసెను పళ్ళెంలో పెట్టుకుని, అందరితో కూర్చుని, నెమ్మదిగా తినండి. రాత్రి వంటింట్లో డబ్బా దగ్గర ఒంటరిగా నిలబడి తినే పరిస్థితి రానివ్వకండి. వేసవిలో ఎండకు ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు మజ్జిగతో పూట గడిపేయడమూ మానడం కిందికే వస్తుంది.

మాటల సంగతి ఇంకా కష్టం. మన గోదావరి జిల్లాల్లో మర్యాద అంటే కొసరి కొసరి వడ్డించడం, చనువు అంటే వెటకారం. పూతరేకు చేతిలో పెట్టి, అది నోట్లో పడకముందే “బొద్దుగా అయ్యావే” అనగల సమర్థులం మనం. “ఇప్పుడు కాస్త కళ వచ్చింది” అని మెచ్చుకున్నా మీ చెవికి అది లావయ్యావనే వినిపిస్తుందని నాకు తెలుసు. ఆ మాటలకు జవాబు చెప్పే పని మీ మీద వేసుకోకండి. “దాని ఒంటి గురించి మాట్లాడకండి, డాక్టరు గారు వద్దన్నారు” అని పండక్కి ముందే చుట్టాలకు చెప్పడం అమ్మగారి పని, పెళ్ళిచూపులవారికీ అదే మాట వర్తిస్తుంది. ఇంట్లో బరువు చూసే మిషను ఉంటే తీసివేయించండి. ఉప్పుకూ నెలసరికీ కూడా ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి, ఆ అంకె వైద్యులు చూసుకుంటే చాలు. బీరువాలో దాచుకున్న పాత జాకెట్లు ఎవరికైనా ఇచ్చేసి, ఇప్పటి కొలతలకు కొత్తవి కుట్టించుకోండి. కొలతలు పైకి చదవవద్దని టైలరుకు ముందే చెప్పవచ్చు.

ఎప్పుడైనా ఒక పూట తప్పి వాంతి అయితే ఎనిమిది నెలలూ వృథా అయినట్టు కాదు. తరువాతి భోజనం వేళకే తినండి, జరిగినది డాక్టరుకు చెప్పండి. వాంతులు మళ్ళీ వరుసగా మొదలైనా, నెలసరి ఆగినా, గుండె దడ, కళ్ళు తిరగడం, కాళ్ళలో నిస్సత్తువ కనిపించినా మాత్రం ఆలస్యం వద్దు. వాంతులతో రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది కనుక రక్త పరీక్ష, ఈసీజీ వెంటనే చేయించాలి. అర్ధరాత్రి మనసు నిలవకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కార్తికం మొదలవకముందే కాకినాడ వెళ్ళవలసిన తేదీ చూసుకుని, ఈసారి అమ్మగారిని వెంట తీసుకువెళ్ళండి. ఉపవాసం వద్దన్న మాట మీ నోట వింటే వాదించే అమ్మ, డాక్టరు నోట వింటే బహుశా తలూపుతారు.