కారు కబుర్లు: పాత మస్టాంగ్‌కు కొత్త స్టీరింగ్ కాలమ్

ప్రశ్న: నమస్తే అంకుల్. మేము డల్లాస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. నా దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. 289 వీ8 ఇంజన్, మాన్యువల్ స్టీరింగ్. సీటు ఎంత వెనక్కి జరిపినా చక్రం పొట్టకు తగులుతోంది. తప్పు పొట్టదే అనుకోండి. అందుకని చక్రాన్ని పైకీ కిందికీ వంచుకునే టిల్ట్ ఉన్న ఆఫ్టర్‌మార్కెట్ (కారు కంపెనీది కాని, బయటివాళ్లు చేసిన) కాలమ్ ఒకటి తెప్పించాను. పెట్టె విప్పి చూస్తే పాత షాఫ్ట్‌ను కోయాలని లోపలి కాగితంలో రాశారు. ఇక్కడి షాపతను కోసి వెల్డింగ్ పెట్టేస్తా, రెండు గంటల పని అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ కారే అమ్మేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: బాబూ, అంకుల్ అన్నావు కాబట్టి నువ్వనే అంటాను. ముందు ఆ వెల్డింగ్ ఆయనకు ఒక దణ్ణం పెట్టి కారు ఇంటికి తెచ్చేసుకో. స్టీరింగ్ షాఫ్ట్ మీద గ్యారేజీ వెల్డింగ్ వద్దు. అతుకు ఊడితే చేతిలో చక్రం ఉంటుంది, ముందు టైర్లు మాత్రం వాటి దారిన అవి పోతాయి.

నీ కారులో కాలమ్ అని పైకి కనిపించేది ఉత్తి గొట్టం. అసలు సంగతి లోపలి ఇనుప కడ్డీది. 1965, 66 మస్టాంగుల్లో అది చక్రం దగ్గర మొదలై ముందున్న స్టీరింగ్ బాక్సు (చక్రం తిప్పుడును టైర్లకు అందించే గేర్ల పెట్టె) లోపలి వర్మ్ గేరు, అంటే మర లాంటి గేరు, దాకా ఒకటే ముక్క. మధ్యలో కీలు లేదు, రబ్బరు జాయింటు లేదు. ముందు నుంచి గుద్దుకుంటే బాక్సు వెనక్కి జరుగుతుంది, దానితో పాటు కడ్డీ డ్రైవరు గుండె మీదికి బల్లెంలా వస్తుంది. ఇలా చాలామంది పోయాకే అమెరికాలో రూలు వచ్చింది. 1968 జనవరి 1 నుంచి తయారయ్యే కార్లలో, గంటకు 30 మైళ్ల వేగంతో గోడకు గుద్దినా చక్రం 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కి రాకూడదన్నారు. జనరల్ మోటార్స్ 1967 మోడళ్లలోనే ముడుచుకునే కాలమ్ పెట్టేసింది. నీ కారు దానికి ఒక్క ఏడాది ముందుది.

అందుకే కాలమ్ మార్చాలన్న నీ ఆలోచన మంచిదే అంటాను, కారణం పొట్టే అయినా సరే. ఒక్కటి మాత్రం కనుక్కో. ఆఫ్టర్‌మార్కెట్ కాలమ్ ప్రతిదీ ముడుచుకోదు. అమ్మినవాళ్లను నేరుగా అడుగు. కాదంటే, బాక్సుకూ కాలమ్‌కూ మధ్య ఒకదానిలో ఒకటి జారే షాఫ్ట్ వేసుకో.

ఇక కోయడం సంగతి. నేనైతే కోయను. పాత బాక్సు బాగుంటే కాలమ్‌తో సహా తీసి, గుడ్డ చుట్టి అటక మీద పెడతాను. రేపు కారు అమ్మాల్సి వస్తే, కొనేవాడికి ఒరిజినల్ భాగాలు కావాలంటే అవి డబ్బే. నీ మోడల్‌కు సరిపోయే పొట్టి షాఫ్ట్ బాక్సులు కొత్తవి దొరుకుతాయి. చివర పళ్లతో వస్తాయి, షాఫ్టులను కలిపే కీలు లాంటి యూనివర్సల్ జాయింటు నేరుగా ఎక్కుతుంది. పాత కడ్డీని కోస్తే గుండ్రటి చివర మిగులుతుంది. దానికి జాయింటు పట్టు దొరకాలంటే రెండు వైపులా చదునుగా మిల్లింగ్ చేయాలి, దాన్నే ఇక్కడ డబుల్ డీ అంటారు. గ్రైండర్‌తో కంటి అంచనాకు చేసే పని కాదు. పాత బాక్సు బయటికి తీయడమూ తేలిక కాదులే. బాక్సు కింద టైర్ల వైపు కడ్డీలను కదిపే పిట్మన్ ఆర్మ్‌ను ఊడలాగడానికి పుల్లర్ కావాలి. వీ8 కాబట్టి పొడుగు షాఫ్ట్‌కు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల గుంపు) అడ్డం రావచ్చు. అది విప్పాల్సి వస్తే నట్లకు ముందు రోజే తుప్పు వదిలించే పెనట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచు.

ఇనుము కొనే ముందు ఒక కర్ర కొను. ముప్పావు అంగుళం మందం గుండ్రటి కర్ర, హార్డ్‌వేర్ షాపులో ఉంటుంది. చీపురు కర్రయినా పరవాలేదు. కొత్త కాలమ్‌ను డాష్ కింద వదులుగా తగిలించి, సీటులో కూర్చుని, చక్రం నీకు ఎక్కడ కావాలో అక్కడ నిలబెట్టు. పొట్టను లోపలికి లాగి కొలవకు, రోజూ ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో. తర్వాత కాలమ్ చివరి నుంచి బాక్సు దాకా కర్ర పట్టి చూడు. షాఫ్ట్ పొడవెంత, వంపు ఎంత, మానిఫోల్డ్‌కు ఎంత దూరంలో పోతుంది, అన్నీ అప్పుడే తెలుస్తాయి. మీ ఆవిడను పిలిచి చక్రం తిప్పమను, నువ్వు బానెట్ కింద చూడు. కారు అమ్మే మాట కొంత తగ్గొచ్చు కూడా.

అసలు ప్రాణం కింది జాయింట్లలో ఉంది. అందరూ పైన మెరిసే క్రోమ్ చూస్తారు. ఒక్కో యూనివర్సల్ జాయింటును 30 డిగ్రీలకు మించి వంచకు. 35 దాటితే పట్టేయడం మొదలవుతుంది. రెండు జాయింట్లు వాడితే మధ్య షాఫ్ట్‌కు రెండు చివరలా ఉన్న ఫోర్కులు (జాయింటులోని రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉండాలి. లేకపోతే చక్రం ఒక చోట తేలిగ్గా, ఇంకో చోట బరువుగా తిరుగుతుంది. మూడు జాయింట్లు కావలసి వస్తే మధ్య షాఫ్ట్‌కు ఫ్రేమ్ మీది నుంచి ఒక బేరింగ్ ఆధారం తప్పదు. నీ కారులో బాక్సు, కాలమ్ దాదాపు ఒకే గీతలో ఉంటాయి కాబట్టి రెండుతో అయిపోవాలి.

ఇక్కడే నేను చేసిన వెధవ పని చెప్పాలి. నా 1965 మస్టాంగ్‌కు కాలమ్ మార్చినప్పటికి, డెట్రాయిట్ దగ్గర కారు విడిభాగాల కంపెనీలో నాకు 20 ఏళ్ల సర్వీసు. ఆ ధీమాతో కాగితం చదవలేదు. షాఫ్ట్ చివర జాయింటు ఫోర్కు లోపలికి ఎనిమిదో వంతు అంగుళం పొడుచుకొచ్చింది, చూసుకోలేదు. నేరుగా పోతున్నంతసేపు అంతా బాగుంది. కిరాణా కొట్టు పార్కింగ్‌లో పూర్తిగా ఎడమకు తిప్పాను, టక్కున పట్టేసింది. గంటకు ఐదు మైళ్ల వేగం కాబట్టి ఒక షాపింగ్ బండితో పోయింది. షాఫ్ట్ చివర ఫోర్కు లోపలి అంచుతో సమంగా ఆగాలి, వెంట్రుకవాసి కూడా బయటికి రాకూడదు.

జాయింటును షాఫ్ట్ మీద పట్టి ఉంచే సెట్ స్క్రూను ఊరికే బిగించి వదలకు. ముందు మెల్లగా బిగించి గుర్తు పడనివ్వు, విప్పి ఆ గుర్తు దగ్గర షాఫ్ట్‌లో చిన్న గుంట డ్రిల్ చెయ్. స్క్రూ వదులు కాకుండా పట్టే నీలం రంగు జిగురు, థ్రెడ్‌లాకర్, రాసి, స్క్రూ కొన ఆ గుంటలో కూర్చునేలా బిగించి, పైన లాక్ నట్ వెయ్. జారే షాఫ్ట్ జారాల్సిన చోట మాత్రం ఏ స్క్రూ పెట్టకు. పెడితే మళ్లీ బల్లెమే.

వైర్ల దగ్గర అందరూ తికమక పడేది ఒకచోటే. ఈ కాలమ్‌లలో చాలావాటికి జనరల్ మోటార్స్ పద్ధతి ప్లగ్గు ఉంటుంది, రంగులు నీ ఫోర్డ్ రంగులతో కలవవు. వెనక లైట్లో బ్రేకుకూ ఇండికేటరుకూ ఒకే ఫిలమెంటు, అందుకని బ్రేకు వైరు ఇండికేటర్ స్విచ్ గుండానే పోతుంది. జనరల్ మోటార్స్ ప్లగ్గులో అది తెల్ల వైరు. దాన్ని కలపడం మరిస్తే ఇండికేటర్లు చక్కగా వెలుగుతాయి, బ్రేకు లైటు మాత్రం వెలగదు. నీకు తెలియదు, నీ వెనకవాడికి తెలుస్తుంది. హారన్ బటన్ ఎర్త్ ఇచ్చే రకమో, కరెంటు పంపే రకమో టెస్ట్ ల్యాంపుతో చూసుకో. కాలమ్‌తో కలవకపోతే ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వేస్తే సరి. నీ పాత చక్రమే కావాలంటే దాని పళ్లు కొత్త కాలమ్‌కు కలుస్తాయో లేదో ముందే చూడు, అడాప్టర్ కావాల్సి రావచ్చు.

బ్యాటరీ విప్పకుండా ఏదీ ముట్టుకోకు. బిగించే ముందు బాక్సును ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పి చుట్లు లెక్కపెట్టి, సగంలో ఆపు. అదే నడిమధ్య. అంతా అయ్యాక ముందు టైర్లు స్టాండ్ల మీద లేపి రెండు వైపులా చివరిదాకా తిప్పు, టిల్ట్ పైన పెట్టి ఒకసారి, కింద పెట్టి ఒకసారి. తర్వాత ఖాళీ పార్కింగ్‌లో. 50 మైళ్లు తిరిగాక స్క్రూలన్నీ మళ్లీ చూడు. రెండు గంటల పని కాదిది, రెండు శని ఆదివారాలు.

ప్రశ్న: అయ్యా, మాది విజయవాడ. మా తాతగారి 1974 అంబాసిడర్ ఉంది, గేరు స్టీరింగ్ పక్కనే. స్టీరింగ్ చాలా బరువు. స్క్రాపుకు వచ్చిన చిన్న కారు నుంచి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాలమ్ తీసి పెడతామని ఒక మెకానిక్ అంటున్నారు. పెట్టించవచ్చా?

జవాబు: వద్దండి. మా నాన్న తెనాలిలో అలాంటి అంబాసిడరే టాక్సీగా నడిపారు. కాలమ్ తీసేస్తే దాన్ని ఆనుకుని ఉన్న గేరు రాడ్లు ఎక్కడ నిలుస్తాయి? గేరును కిందికి మార్చాల్సి వస్తుంది, ఒక పని పది పనులవుతుంది. ఆ ఎలక్ట్రిక్ కాలమ్‌కు కారు వేగం చెప్పే సిగ్నల్ కావాలి. అది అందకపోతే కొన్ని సాయం ఆపేస్తాయి, కొన్ని హైవే మీద కూడా పార్కింగ్‌లో చేసినంత సాయం చేసి చక్రాన్ని చేతికి ఆనకుండా చేస్తాయి. పాత డైనమోనే ఉంటే ఆ మోటారుకు కరెంటూ చాలదు. ఇవి చాలవన్నట్టు, బండి వివరాలు మారే మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం ఉంది.

మీ బండిలో ఉన్నది ర్యాక్ అండ్ పీనియన్ (పళ్ల కడ్డీని చిన్న గేరు పక్కలకు జరిపే రకం), అంత బరువుగా ఉండకూడదు. రేడియల్ టైర్లు వేయించారా? నిలబడి తిప్పితే వాటితో బరువు పెరుగుతుంది. గాలి తక్కువుంటే ఇంకా పెరుగుతుంది. ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ ఉంటాయి, అవి ఎండిపోయి ఎన్నేళ్లయిందో. గ్రీజు గన్ పెట్టించి, పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టించండి. అప్పటికీ బరువే అయితే ముందు చక్రాలు లేపి తిప్పి చూసి, ఎక్కడ పడుతోందో రాయండి.