‘2:15కి’ అనాలా, ‘2:15 దగ్గర’ అనాలా?

సందేహం: బడి పిల్లల కోసం హెచ్‌ఫైవ్‌పీలో (H5P, వీడియోల మధ్యలో ప్రశ్నలు, బటన్లు పెట్టుకునే సాధనం) వీడియో పాఠం తయారుచేస్తున్నాం. మధ్యమధ్యలో లింకులు, ప్రశ్నలు వస్తాయి. సూచన ఇలా రాశాం: ‘2:15కి ప్రశ్న బటను కనిపించబడును. అది క్లిక్ చేయబడినచో వీడియో ఆపబడును.’ ఇది సరైనదేనా?

సమాధానం: అర్థమవుతుంది గానీ, తెలుగులా లేదు.

ముందు ‘2:15కి’ సంగతి. ‘కి’ గడియారానికి చెల్లుతుంది: పదింటికి బడి, రెండుంబావుకి బస్సు. మీ సూచన చదివిన పిల్లవాడు మధ్యాహ్నం రెండుంబావు దాకా ఎదురుచూసినా తప్పు వాడిది కాదు. వీడియోలో 2:15 అనేది వేళ కాదు, చోటు. ‘రెండో చరణం దగ్గర ఆపు’, ‘ఆ సీను దగ్గర నిద్రపోయాను’ అంటాం కదా, ఇదీ అంతే. ‘వద్ద’ అన్నా తప్పులేదు, కాస్త సర్కారు నోటీసు వాసన కొడుతుంది. బటను కొంతసేపే ఉండేదైతే ‘2:15 నుంచి 2:25 వరకు’ అని విడమరచండి. యూట్యూబ్ వీడియోల ఆఖర్లో వచ్చే ఎండ్ స్క్రీన్ ఉండేదే 5 నుంచి 20 సెకన్లు. అక్కడ ‘చివరి 20 సెకన్లలో’ అనడమే సబబు.

‘కనిపించబడు’ అసలు లేదు. కనిపించు అకర్మకం, అంటే కర్మ అక్కర్లేని క్రియ, దానికి ‘బడు’ తగిలించకూడదు.

అసలు చిక్కు ‘ఆపబడును’లో ఉంది. ఆపేది ఎవరు? హెచ్‌ఫైవ్‌పీలో ప్రశ్న రాగానే వీడియో ఆగేలా పెట్టుకోవచ్చు, చూసేవాళ్లు నొక్కాకే ఆగేలానూ పెట్టుకోవచ్చు. వీడియో దానంతటది ఆగుతుంది, మనమైతే ఆపుతాం. ఇంత చక్కని తేడా చేతిలో ఉండగా ‘బడు’ తెచ్చి రెంటినీ కలిపేస్తే ఎలా? ‘2:15 రాగానే’ అంటే అది జరిగి తీరుతుంది. ‘నొక్కితే’ అంటే నొక్కకపోయే వీలూ ఉంది. ‘నొక్కగానే’ మాత్రం ఆలస్యం ఉండదని మాటివ్వడం. నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లో ఆ మాట ఇవ్వకండి.

‘క్లిక్’ తప్పేమీ కాదు. కానీ పిల్లలు ఎక్కువగా ఫోనులోనే చూస్తారు, ‘నొక్కండి’ అంటే మౌసుకూ వేలికీ సరిపోతుంది.

నేనైతే ఇలా రాస్తాను: ‘2:15 దగ్గర ప్రశ్న బటను కనిపిస్తుంది. దాన్ని నొక్కితే వీడియో ఆగి, ప్రశ్న తెరుచుకుంటుంది. జవాబు ఇచ్చాక మళ్లీ ప్లే నొక్కండి.’

ఎక్కడైనా బటను మీద మాట పెట్టాల్సి వస్తే ‘కొనసాగించు’ అని పెట్టండి. ‘కొనసాగు’ అంటే పిల్లవాణ్ణే లేచి వెళ్లమన్నట్టుంటుంది.