మిక్సర్ గీస్తున్న మేనకోడలికి

మిర్యాలగూడ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి దేవరకొండ నుంచి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఎం.టెక్. ప్రాజెక్టు కోసం రేడియో సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి దింపే మిక్సర్ చిప్‌ను సొంతంగా గీస్తున్నావనీ, దాన్ని తయారీకి పంపే గడువు దగ్గర పడిందని ఈసారి సద్దుల బతుకమ్మకు రానంటున్నావనీ చెప్పింది. మొదటి మాటకు కళ్లు చెమ్మగిల్లాయి, రెండో మాటకు నిద్ర పట్టలేదు. నువ్వు వాట్సాప్‌లో పంపిన లేఅవుట్ బొమ్మను, అంటే చిప్ మీద ఏది ఎక్కడుందో చూపే పటాన్ని, పొద్దున్నే పెద్దది చేసి చూశాను. చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

డీఆర్‌సీ, ఎల్‌వీఎస్, కార్నర్లు, వేడిమి మార్పులు లాంటి మామూలు తనిఖీలన్నీ మీ గైడ్ చేయిస్తారు కాబట్టి వాటి గురించి నేను చెప్పవలసింది లేదు. గిల్బర్ట్ సెల్‌ను, అంటే సిగ్నల్‌ను పెంచే ట్రాన్సిస్టర్ల మీద స్విచింగ్ ట్రాన్సిస్టర్లను పేర్చే మిక్సర్‌ను, రెండుగా విడదీసి నడుమ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మంచి ఆలోచన బిడ్డా. 65 నానోమీటర్ల సీమాస్ చిప్ టెక్నాలజీలో ఉన్న ఒక్క వోల్టు సరఫరా కింద అన్నీ ఒకదానిపై ఒకటి నిలబెడితే ఏదీ ఊపిరి పీల్చుకోలేదు. పైగా నీ సిగ్నల్ ఉన్న 60 గిగాహెర్ట్జ్ దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు పావు తరంగదైర్ఘ్యపు లైను వేస్తే చిప్ మీద 600 మైక్రాన్ల పొడవు తినేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ అందులో పదోవంతు చోటులో ఒదుగుతుంది. సిగ్నల్‌ను పెంచకుండా స్విచ్‌లతోనే పనిచేసే పాసివ్ మిక్సర్ వేస్తే కరెంటూ, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉండే రొద అయిన ఫ్లికర్ నాయిసూ తగ్గుతాయి గానీ, ఆదర్శ లెక్కలోనే దాదాపు 4 డెసిబెల్స్ పోతాయి. ఒక్క మీటరు దూరానికే గాలిలో 68 డెసిబెల్స్ పోగొట్టుకొని వచ్చే సిగ్నల్‌కు అది భారమే. కనుక నీ ఎంపికతో నాకు పేచీ లేదు. నా భయమంతా ఆ బొమ్మలో ట్రాన్స్‌ఫార్మర్‌కూ స్విచింగ్ ట్రాన్సిస్టర్లకూ మధ్య కనిపించిన ఖాళీ గురించే.

పదిహేనేళ్ల కిందట నేను గీసిన మొదటి మిక్సర్‌లో, సరిగ్గా ఆ చోటనే పోగయ్యే 70 ఫెమ్టోఫారడ్ల పారాసిటిక్ (కోరకుండానే చేరే) కెపాసిటెన్స్‌ను 100 పైకోహెన్రీల ఇండక్టర్‌తో 60 గిగాహెర్ట్జ్ వద్ద అనునాదానికి తెచ్చాను. గడువుకు రెండు రోజుల ముందు, సరఫరాను నిలకడగా ఉంచే డీకప్లింగ్ కెపాసిటర్‌కు చోటు చాలక, ఇండక్టర్‌ను 20 మైక్రాన్లు పక్కకు జరిపి, దాని రెండు కాళ్లనూ లాగి ట్రాన్సిస్టర్లకు కలిపాను. వెంట్రుక మందంలో సగం కూడా లేని దూరం కదా అనుకున్నాను. ఇండక్టర్‌ను విద్యుదయస్కాంత సిమ్యులేటర్‌లో ఒంటరిగా పరీక్షించాను కనుక ఆ లెక్కలో ఈ కాళ్లు లేవు. గీసిన లోహం నుంచి విలువలు రాబట్టే లేఅవుట్ ఎక్స్‌ట్రాక్షన్‌లో కాళ్లున్నాయి గానీ, అది రెసిస్టెన్స్‌నూ కెపాసిటెన్స్‌నూ మాత్రమే లెక్కగట్టేది, ఇండక్టెన్స్‌ను కాదు. రెండు పొలాల నడుమ గట్టును ఇటు నాగలీ తాకదు, అటు నాగలీ తాకదు. ఆ 40 మైక్రాన్ల లోహం కూడా అలాగే మిగిలిపోయింది.

మూడు నెలలకు చిప్ చేతికొచ్చింది. మైక్రోస్కోపు కింద, ఒకదానికొకటి 100 మైక్రాన్ల ఎడంగా ఉన్న, సిగ్నల్ కొలిచే ప్రోబు మొనలు అల్యూమినియం ప్యాడ్ మీద దిగి, చిన్న గీత గీసి ఆగాయి. తెర మీద గెయిన్ (సిగ్నల్ పెరుగుదల) శిఖరం 60 గిగాహెర్ట్జ్ దగ్గర కాక 52 దగ్గర నిలబడి ఉంది. కేబుల్ తేడా అనుకొని కాలిబ్రేషన్ మూడుసార్లు తిరగజేశాను. ప్రోబులను ఎత్తి దించీ ఎత్తి దించీ ప్యాడ్ లోహం చిరిగిపోయింది గానీ, శిఖరం కదలలేదు. ఆ కాళ్లు తెచ్చిన 30 పైకోహెన్రీలు కలిసి 100 కాస్తా 130 అయితే, అనునాదం 60 నుంచి 52.6కు జారుతుందన్నది కాగితం మీద రెండు పంక్తుల లెక్క. దాన్ని నేను చిప్ వచ్చాక వేశాను.

లెక్క తేలాక కూడా, రిపోర్టులో మాత్రం తయారీలోని హెచ్చుతగ్గుల వల్ల ఇలా జరిగిందని రాశాను. ఉద్యోగంలో కొత్త, ఇంట్లో చెల్లెలి పెళ్లి బాకీలు, భయపడ్డాను. మరుసటి ఏడు ఒక కుర్రవాడు నా ఫైలునే తీసుకొని, ఆ ఇండక్టర్‌ను అదే దూరంలో ఉంచి మరో చిప్ చేశాడు. అతని శిఖరమూ 52 దగ్గరే నిలబడింది. ప్రోబు స్టేషన్ ముందు అతను తల పట్టుకొని కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అతనికి నిజం చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది.

అందుకని నీ ట్రాన్స్‌ఫార్మర్‌ను, దాని కాళ్లను, ట్రాన్సిస్టర్ పై లోహం దాకా దిగే వయాలను (లోహపు పొరలను కలిపే నిలువు కడ్డీలను), కరెంటు తిరిగి వచ్చే గ్రౌండ్ దారిని కలిపి ఒకే ముక్కగా సిమ్యులేట్ చేయి. రాత్రంతా నడిచినా సరే, నడవనీ. అంతవరకు మైక్రానుకు సుమారు ఒక పైకోహెన్రీ అని చేతిలెక్క వేసుకో. చిప్ తయారుచేసే ఫౌండ్రీ వాళ్లు ఖాళీల్లో నింపే డమ్మీ లోహం ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోకి రాకుండా ముందే హద్దు గీయి. మిక్సర్ స్విచ్‌లను నడిపే లోకల్ ఆసిలేటర్ జత తీగలు ఒకదానినొకటి దాటే చోట రెండింటి పొడవూ సమానంగా ఉండాలి. ఆ సమతూకం తప్పితే ఆసిలేటర్ సిగ్నల్ ఇన్‌పుట్‌లోకి కారి, తనతో తానే కలిసి డీసీ ఆఫ్‌సెట్, అంటే అక్కర్లేని నిలకడ వోల్టేజి, అవుతుంది. అది 10 మిల్లీవోల్టులే అయినా, వెనకనున్న ఆంప్లిఫయర్ నూరింతలు చేస్తే నీ సరఫరా వోల్టంతా దానికే సరిపోతుంది.

చిన్నప్పుడు సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నా రేడియోను అటూ ఇటూ తిప్పి, గరగర ఎక్కడ తగ్గుతుందో చెప్పేదానివి. మీడియం వేవ్‌లో స్టేషన్ ఏదైనా లోపల 455 కిలోహెర్ట్జ్‌కు దింపేది మిక్సరే అని అప్పుడే నీకు చెప్పాను, గుర్తుందో లేదో.

తిండి మాని లేఅవుట్ ముందు కూర్చుంటున్నావని మీ అమ్మ బాధపడుతోంది, అది నాకూ నచ్చలేదు. సద్దుల నాడు ఒక్క పూటైనా రా. ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకో, ఆడవాళ్లు చెరువు నుంచి తిరిగొచ్చాక మనిద్దరం కూర్చొని ఆ కాళ్ల పొడవు కొలుద్దాం.

మీ మామయ్య